ఫొటోలో ఉన్నారు, పేరు లేదు (11వ భాగం)

డోర్నకల్ పాత ఫొటోలు మళ్లీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. పొగ ఇంజను ఫొటో, స్టేషన్ ఫొటో, రాతి చర్చి ఫొటో, తెల్ల అంగీలో నిలబడ్డ బిషప్ అజరయ్య ఫొటో. కింద కామెంట్లు చూస్తే "మన వారసత్వం", "ఆ రోజులే వేరు", "ఎంత ప్రశాంతంగా ఉందో కదా". నాక్కూడా ఆ ఫొటోలు ఇష్టమే. గంటలు గంటలు చూస్తాను. కానీ ఆ గ్రూపుల్లో ఒక్కరైనా ఒక ప్రశ్న అడుగుతారేమోనని వారం రోజులు ఎదురుచూశాను. కుర్చీల ముందు, నేల మీద, బాసిపట్టు వేసుకుని కూర్చున్న ఆ మనుషులెవరు? వాళ్ల పేర్లేంటి? ఎవరూ అడగలేదు. ఈ భాగం వాళ్ల గురించే.

ముందు ఊరి గురించి. డోర్నకల్ తెలియని మిత్రుల కోసం చెప్తున్నా. కాజీపేట నుంచి విజయవాడ పోయే లైను మీద, మహబూబాబాద్ దాటినంక, ఖమ్మం రాకముందు వచ్చే జంక్షన్ అది. కొత్తగూడెం పోయే లైను అక్కడే చీలుతుంది. చిన్న ఊరు. దాన్ని జంక్షన్ చేసింది బొగ్గు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని తేల్చాడు. నిజాం రైలు 1886లో వరంగల్ దాకా వచ్చింది, 1889 నాటికి బెజవాడ చేరింది. ఇల్లందు బొగ్గు మెయిన్ లైను ఎక్కడానికి డోర్నకల్ దారి అయింది. బొగ్గు నిజాం నేలది, పెట్టుబడి లండన్ కంపెనీలది. మరి కట్ట పోసిన మట్టి ఎవరి తట్టలోంచి వచ్చింది? కంకర ఎవరు కొట్టారు? వడ్డెరలు, మాలలు, మాదిగలు, లంబాడీలు. ఈ చేతులు లేకుండా ఈ దేశంలో ఏ రైలు కట్టా లేవలేదు. ఆ కాలపు రైల్వే ఫొటోలు చూడండి. వంతెన మధ్యలో టోపీ పెట్టుకున్న ఇంజనీరు ఉంటాడు. కూలీలు అంచుల్లో ఉంటారు, సగం తెగిపోయి. వంతెన ఎంత పొడవో చెప్పడానికి కొలబద్ద లాగా నిలబెట్టిన మనుషులు.

స్టేషన్ ఫొటోల గురించి ఇంకో మాట. ఆ రోజుల్లో స్టేషన్లలో హిందూ నీళ్లు వేరు, ముస్లిం నీళ్లు వేరు. రెండు కుండలు, రెండు పేర్లు, పోసేవాళ్లు కూడా ఇద్దరు. దీన్ని చూసి దేశం మతాలుగా చీలిపోయిందని చరిత్రకారులు బాధపడతారు. బాధపడాల్సిందే. కానీ మూడో కుండ ఏది? మా తాతలు ఏ కుండ దగ్గర దోసిలి పట్టారు? దాహం వేస్తే బండి దిగి వాగుకు పోయారా? వారసత్వం అని గుండె బొమ్మలు పెట్టే ముందు ఆ ప్లాట్‌ఫారం మీద మీ పూర్వీకులు ఎక్కడ నిలబడ్డారో, మా పూర్వీకులు ఎక్కడ నిలబడ్డారో ఒక్కసారి గుర్తు చేసుకోండి.

అదే రైలు మాకు ఇంకో పని కూడా చేసింది. మూడో తరగతి పెట్టెలో కిక్కిరిసినప్పుడు ఎవరి మోచేయి ఎవరికి తగిలిందో అడిగే తీరిక ఎవరికీ లేదు. ఊరు దాటించే దారి దొరికింది. గ్యాంగ్‌మన్ పని దొరికింది. గనిలో పని దొరికింది. నెల జీతం అనే మాట వెట్టి చేసే కుటుంబంలోకి వచ్చింది. అందుకే రైలు కూత వింటే మా పెద్దవాళ్ల మొహంలో ఒక వెలుగు ఉంటుంది. వాళ్లకది ఊరు విడిచిపోగలం అన్న ధైర్యం.

ఇక చర్చి. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి జిల్లా మనిషి. 1874లో పుట్టాడు. ఆయన దళితుడు కాదు, నాడార్. అయితే ఆ కులాన్ని కూడా ఒకప్పుడు గుడి గడప తొక్కనివ్వలేదు. తమిళ క్రైస్తవులు తమలో తాము చందాలు వేసుకుని 1903లో పెట్టుకున్న సంఘం తరఫున ఆయన 1909లో డోర్నకల్ వచ్చాడు. దీన్ని గట్టిగా చెప్పాలి, ఎందుకంటే "తెల్లోళ్ల డబ్బు, తెల్లోళ్ల మతం" అనేవాళ్లకు ఈ సంగతి తెలియదు. తాటిచెట్టు ఎక్కే కులంవాళ్లు తిరునెల్వేలిలో కూడబెట్టిన పైసలు తెలుగు పల్లెలకు వచ్చాయి.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. అక్కడ అజరయ్య తెల్ల మిషనరీల ముందే నిలబడి, మీరు మాకోసం త్యాగాలు చేస్తారు గానీ మమ్మల్ని స్నేహితులుగా చూడరు అని నిలదీశాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయనను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ వెనక నిలబడ్డాడు కాబట్టి అయింది. ఒక నల్లవాడు తెల్లవాళ్ల మీద పెత్తనం చేస్తాడా అని గొణిగినవాళ్లు తక్కువేం కాదు.

ఆ చిన్న రైలు ఊళ్లో ఆయన కట్టించిన ఎపిఫనీ కెతెడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది. స్తంభాలు చూస్తే గుడి మండపం గుర్తొస్తుంది. ఇంగ్లాండు నుంచి ఎత్తుకొచ్చి పెట్టినట్టుండే చర్చి కాదది. గుడిలోకి రానివ్వని మనుషులు గుడి స్తంభాల మధ్య కూర్చున్నారు. దాన్ని వాస్తు కళ అని రాస్తారు. నాకది హక్కు లాగా కనిపిస్తుంది. 1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లోనే చనిపోయాడు, ఆ చర్చి ఆవరణలోనే ఆయన సమాధి.

ఇప్పుడు ఫొటోల దగ్గరికి రండి. ఆ కాలపు మిషన్ ఫొటోలు, డోర్నకల్‌వి అయినా ఇంకో ఊరివి అయినా, నేను చూసినవాటిలో ఎక్కువ భాగం ఒకే పద్ధతిలో ఉంటాయి. మధ్యలో కుర్చీలు. కుర్చీల్లో దొర, దొరసాని, బిషప్, పాస్టర్లు. వెనక నిలబడ్డ ఉపదేశకులు, బడి పంతుళ్లు. ముందు నేల మీద పిల్లలు, ఆడవాళ్లు, కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లు. కింద ఇంగ్లీషులో ఒక లైను. కుర్చీలో ఉన్నవాళ్ల పేర్లు ఇంటిపేరుతో సహా ఉంటాయి. మిగతా అందరికీ కలిపి ఒకే మాట: 'క్రైస్తవులు', లేదా 'బైబిలు స్త్రీలు', లేదా 'బడి పిల్లలు'. ఈ ఫొటోలు పత్రికల్లో అచ్చయ్యేవి. మాయాదీపం పలకల మీద ఎక్కి చీకటి గదుల్లో గోడ మీద పడేవి. అవి చూసి దాతలు చందాలు ఇచ్చేవాళ్లు. అంటే మా అమ్మమ్మల మొహాలు చందా పుస్తకాలకు అట్టలయ్యాయి. పేరు రాసే చోటు మాత్రం దొరకలేదు.

ఇందులో ఒక వింత ఉంది. ఫొటో కింద పేరు రాయని ఆ మిషనే ఇంకో పుస్తకంలో ప్రతి పేరూ రాసింది. అదే బాప్తిస్మం రిజిస్టర్. తేదీ, పాత పేరు, కొత్త పేరు, తల్లిదండ్రులు, ఊరు. దొర పిలుపులో 'గాడు' తోక తప్ప ఇంకేమీ లేని మనిషికి మొదటిసారి ఒక పుస్తకంలో నిండు పేరు పడింది. భూమి కాగితాల్లో మేం లేం, ఎందుకంటే భూమి లేదు. బడి రికార్డుల్లో లేం, ఎందుకంటే బడిలోకి రానివ్వలేదు. చర్చి రిజిస్టర్లో ఉన్నాం. మా వంశవృక్షం వెతకాలంటే మాకు దొరికే మొదటి కాగితం చాలాసార్లు అదే.

ఇప్పుడు ఆ కాగితమే మా మీద సాక్ష్యం.

ఎట్లాగో చెప్తా. 1950 ఆగస్టులో రాష్ట్రపతి పేరుతో షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు వచ్చింది. అందులో మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులం వాడు కాదు. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఈనాటికీ బయటే. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సీ. వాళ్లకు ఒక్క శాతం. చట్టసభలో రిజర్వుడు సీటు లేదు. అట్రాసిటీ చట్టం రక్షణ కూడా లేదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ కేసులో చెప్పింది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళ ఒకరికి ఎస్సీ సర్టిఫికెట్ కుదరదన్నది. అక్కడ సాక్ష్యాల్లో ఒకటి ఏమిటనుకున్నారు? ఆమె పసిపిల్లగా ఉన్నప్పటి బాప్తిస్మం రికార్డు.

ఫొటోలు కూడా సాక్ష్యాలే. అమరావతి జిల్లాలో పదిహేడేళ్ల అమ్మాయి మహర్ సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెడితే, విచారణకు వచ్చిన అధికారికి ఇంట్లో ఏసుక్రీస్తు పటం కనిపించింది. దాన్ని పట్టుకుని కమిటీ ఆమె కులాన్నే కొట్టేసింది. ఇంట్లో పటం ఉన్నంత మాత్రాన మతం మారినట్టు కాదని 2023లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్ చెప్పాల్సొచ్చింది. తమిళనాడులో ఒక డాక్టరమ్మ క్లినిక్ గోడ మీద శిలువ ఉందని ఆమె సర్టిఫికెట్ రద్దు చేశారు. దాన్ని 2021లో మద్రాసు హైకోర్టు తిరగ్గొట్టింది. న్యాయం జరిగింది, సంతోషం. కానీ ఆలోచించండి. ఒక పటం, ఒక మేకు, ఒక గోడ. వీటి గురించి హైకోర్టు దాకా పోయే స్తోమత ఎంతమందికి ఉంది?

కాబట్టి మా వాళ్లు గోడలు ఖాళీ చేస్తారు. విచారణకు వస్తున్నారని తెలిసిన రోజు పటాలు దిగుతాయి. బియ్యం డబ్బా వెనక్కి కొన్ని, పక్కింటి బీసీ వాళ్ల అటక మీదికి కొన్ని. పటం తీసిన చోట గోడకు నలుచదరంగా ఒక తెల్ల మచ్చ మిగులుతుంది, చుట్టూ పొగచూరి ఉంటుంది కాబట్టి. దాని మీద క్యాలెండర్ తగిలిస్తారు. దిగిన పటాలతో పాటు తాత బాప్తిస్మం నాటి గుంపు ఫొటో కూడా దిగుతుంది. కొన్ని మళ్లీ ఎక్కవు. చెదలు తింటాయి. ఇలా ఒక ప్రభుత్వ ఉత్తర్వు మా ఇళ్లల్లోని ఫొటోలను కూడా చింపుకుంటూ వస్తోంది.

పోయినేడు ఈ లైను మీదున్న ఒక పల్లెకు పోయాను. ఊరి పేరు చెప్పను, ఎందుకో మీకే అర్థమవుతుంది. పాత గుంపు ఫొటో ఒకటి పెద్దగా ప్రింటు తీయించి పట్టుకుపోయాను. ఎనభై దాటిన ఒక అవ్వ ఆ కాగితం ఒళ్లో పెట్టుకుంది. చూపు సరిగా లేదు. మొహాల మీద వేలు పెట్టి జరుపుకుంటూ పోయింది. ముందు వరుసలో ఎడమ నుంచి మూడో ఆమె దగ్గర వేలు ఆగింది. "గీమె మా అమ్మ" అన్నది. తర్వాత ఇంకో నలుగురి పేర్లు చెప్పింది. ఎవరు ఎవరికి ఇచ్చారో, ఎవరు కలరాలో పోయారో, ఎవరు బొగ్గు గనికి పోయి తిరిగి రాలేదో చెప్పింది. కింద ఇంగ్లీషులో 'క్రైస్తవ స్త్రీలు' అన్న లైను మాత్రం ఉంది. పదిహేను నిమిషాల్లో ఆ లైనులోంచి ఐదుగురు మనుషులు లేచి వచ్చారు.

నేను పేర్లు రాసుకుంటుంటే అవ్వ అడిగింది. "ఇది ఫోన్ల పెడ్తవా బిడ్డా?"

"పెట్టమంటవా అవ్వా?"

"ఫొటో పెట్టు. పేర్లు పెట్టకు. మా మనుమని కాయితం ఇంకా ఎమ్మార్వో కాడనే ఉన్నది."

మిత్రులారా, ఒకప్పుడు దొర పేరు రాయలేదు. ఇప్పుడు పేరు తెలిసిన కూతురే రాయొద్దంటోంది. అప్పుడు మాకు లెక్క లేదు కాబట్టి పేరు లేదు. ఇప్పుడు లెక్కలోంచి తీసేస్తారని భయం కాబట్టి పేరు లేదు. ఈ రెంటికీ మధ్య ఒక గణతంత్ర రాజ్యం పుట్టింది.

ఇదే డోర్నకల్‌లో ఇంకో సంగతి చూడండి. ఈ నియోజకవర్గం ఎస్టీలకు రిజర్వ్ అయింది. చుట్టూ లంబాడీ తండాలున్నాయి. ఎస్టీల ఉత్తర్వులో మతం షరతు లేదు. లంబాడీ సోదరుడు ఆదివారం చర్చికి పోయినా ఎస్టీగానే ఉంటాడు. ఉండాలి కూడా, అది ఆయన హక్కు. దాన్ని తీసేయాలని ఇప్పుడు కొందరు బయల్దేరారు, మనం ఆయన పక్కనే నిలబడాలి. కానీ అదే బెంచీ మీద, అదే పాటల పుస్తకం పట్టుకుని, పక్కన కూర్చున్న మాదిగ సోదరుడి కులం మాత్రం నీళ్లు చల్లగానే కడుక్కుపోయిందంట! పోయిందని ఊరికి ఎవరు చెప్పారు? టీ కొట్టువాడికి చెప్పారా? ఇల్లు అద్దెకివ్వని ఆసామికి చెప్పారా? 1985లో కారంచేడులో చచ్చిపోయినవాళ్ల పేర్లు చదవండి, బైబిలు పేర్లు కనిపిస్తాయి. గొడ్డలి ఎత్తినవాడు బాప్తిస్మం రిజిస్టర్ చూసి ఆగలేదు.

"బియ్యం కోసం, పాలపొడి కోసం మారారు" అనేవాళ్లకు ఒక మాట. ఈ మాట కొత్తది కాదు. 1936లో గాంధీగారు అమెరికన్ మిషనరీ నాయకుడు జాన్ మాట్‌తో మాట్లాడుతూ, మతాల మధ్య మంచిచెడ్డలు తేల్చుకోవడంలో అంటరానివాళ్లు ఆవు కంటే మెరుగేం కాదన్న అర్థంలో అన్నారు. అజరయ్య పని ఆయనకు గిట్టకపోవడానికి మూలం అక్కడుంది. మాకు తెలివి లేదు, ఎవరో మోసం చేశారు అని. నేను ఆ ఫొటోల్లో నేల మీద కూర్చున్నవాళ్ల కళ్లు చూస్తాను. కెమెరా వైపు సూటిగా చూస్తున్నారు. దొర వస్తే తల వంచి చెప్పులు చంకలో పెట్టుకోవాల్సిన మనుషులు, బతుకులో మొదటిసారేమో, ఎవరి ఎదుటో తలెత్తి కూర్చున్నారు. వాళ్లకు పలక కావాలి, పక్కన కూర్చోనిచ్చే చాప కావాలి, 'గాడు' లేని పేరు కావాలి. అవి ఎక్కడ దొరికితే అక్కడికి పోయారు. అది తెలివి కాదా?

అట్లాగని చర్చికి హారతి పట్టడం లేదు. ఫొటోలో కుర్చీలెవరివో, నేలెవరిదో చెప్పాను కదా. ఆ కుర్చీలు తర్వాత చేతులు మారాయి, కానీ నేల మీద వాళ్లు చాలావరకు నేల మీదే ఉన్నారు. ఫలానా మిషన్ మాలలది, ఫలానా మిషన్ మాదిగలది అని మనమే పేర్లు పెట్టుకున్నాం. పిల్లనిచ్చే దగ్గర శిలువ కాదు, కులమే మాట్లాడింది. శ్మశానంలో కూడా గీతలు గీసుకున్న ఊళ్లున్నాయి. చర్చి ఆస్తుల మీద కోర్టుల్లో కొట్లాడే పెద్దలు, నేల మీద వాళ్ల ఎస్సీ హోదా కోసం అంత పట్టుదలగా ఎన్ని రోజులు రోడ్డెక్కారు? వందేళ్ల ఉత్సవాలకు అచ్చేసే పుస్తకాల్లో మళ్లీ అవే కుర్చీల ఫొటోలు, మళ్లీ అవే బిషప్పుల పేర్లు. బైబిలు స్త్రీల పేర్లు ఇప్పుడైనా వేయడానికి ఏం అడ్డం? ఆ పుస్తకం అచ్చేస్తున్నది దొర కాదు కదా.

అడగాల్సింది స్పష్టంగా అడుగుదాం. మూడో పేరా తీసేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసింది. కేంద్రం 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసి, గడువు పొడిగిస్తూ పోయింది. ప్రశ్న ఒక్కటే: కులం మతంతో పాటు పోతుందా, పోదా? పోదని ఈ దేశంలో అందరికీ తెలుసు. 'దళితుల్లో వాటా తగ్గుతుంది' అని భయపడే నా ఎస్సీ సోదరులకు కూడా చెప్తున్నా. పటం దాచుకుని బతికేవాడు మన ఇంటివాడే. జనాభా లెక్కలో వాడిని కలుపుకుని వాటా పెంచమని అడుగుదాం, వాడిని తోసేసి మిగిలినదాన్ని పంచుకోవద్దు.

ఈలోగా చేయాల్సిన పని ఒకటుంది. దానికి కమిషన్ అక్కర్లేదు. డోర్నకల్, కాజీపేట, చీరాల, ఒంగోలు, గుంతకల్లు, ఏ రైలు ఊరైనా సరే, చుట్టుపక్కల పల్లెల్లో మీకు తెలిసిన అవ్వలు, తాతలు ఎనభై దాటి ఉన్నారు. గ్రూపులో తిరిగే ఫొటోను ఫోన్లో చూపించకండి, వాళ్లకు కనపడదు. పెద్దగా ప్రింటు తీయించండి, ముప్పై నలభై రూపాయలు అవుతుంది. ఒళ్లో పెట్టండి. వేలు ఎక్కడ ఆగుతుందో చూడండి. చెప్పిన పేరు పెన్సిల్‌తో ఫొటో వెనక రాయండి. పెన్నుతో వద్దు, ఇంకు ముందుకు ఊరుతుంది. ఎవరి కూతురు, ఏ ఊరు, ఏ పని చేసింది, చెప్పింది ఎవరు, ఏ రోజు, అన్నీ రాయండి. ఆ కాపీ ఆ ఇంటివాళ్లకే ఇవ్వండి. వాళ్లు ఒప్పుకుంటే తప్ప ఎక్కడా పెట్టకండి. ముందు వరుసలో ఎడమ నుంచి మూడో ఆమె పేరు నా దగ్గర అలాగే ఉంది, ఫొటో వెనక, పెన్సిల్‌తో. మూడో పేరా పోయిన రోజు ఇక్కడ రాస్తాను.

వచ్చే భాగంలో బైబిలు స్త్రీల గురించి. జీతం ఎంత ఇచ్చారు, ఎన్ని మైళ్లు నడిపించారు, మన చర్చి చరిత్రలు వాళ్లను ఎందుకు మింగేశాయి అన్న సంగతులు. మీ ఇంట్లో అట్లాంటి అమ్మమ్మ ఉంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. పేరు మీరు పెట్టమంటేనే పెడతాను.

జై భీమ్.